ఆవిరి గానుగకు కాపలా

మా మామగారు ఆవిరి ఇంజను కొనేనాటికి నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నాది కొత్తపేట దగ్గర పల్లె. వాళ్ళది రాజోలుకు దిగువన, గోదావరి పాయ సముద్రం వాసన పట్టే చోట, కొబ్బరితోటల ఊరు. ఇల్లరికపు అల్లుడితో ఇంట్లో అందరూ మర్యాదగానే మాట్లాడతారు. ఏదైనా వస్తువు కనపడకపోతే మాత్రం మాటలు ఆపేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపుకు నేను అప్పటికే అలవాటు పడుతున్నాను.

ఆనకట్ట పూర్తయి, దొరలు కాలవలు తవ్విస్తున్న రోజులవి. ధవళేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ నిప్పుతో నడిచే యంత్రాలు చూశామని చెప్పేవారు. మామగారు వాళ్ళ మాటలు వినేవారు గాని ఏమీ అనేవారు కాదు. ఒకనాడు ఆయన పడవెక్కి కోరంగి రేవుకి వెళ్ళారు. అక్కడ ఒక వర్తకుడు రంపపు మిల్లు ఎత్తేస్తూ చిన్న ఇంజను అమ్ముతున్నాడని ఆయనకెవరో చెప్పారట. ఆయన తిరిగొచ్చిన కొన్నాళ్ళకు పెద్ద పడవలో ఇంజను దిగింది. దాని వెంట దాన్ని నడిపే మేస్త్రి కూడా దిగాడు.

ఆ మేస్త్రి సన్నగా పొడుగ్గా, కనుబొమ్మల మీద వెంట్రుకలు కాలిపోయి ఉండేవాడు. ఓడల మీద బాయిలర్ల దగ్గర పనిచేశానని చెప్పుకున్నాడు. ఎక్కడ పుట్టాడో అడిగితే ఒకరికి ఒకటీ మరొకరికి మరొకటీ చెప్పేవాడు. ఆ ఒక్క సంగతి చాలు, ఊళ్ళో ఎవరూ అతన్ని నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఇంజనును తోటలో గానుగ పాక పక్కనే నిలబెట్టారు. కొప్పెరను పక్కకు పడుకోబెట్టినట్టుండే ఇనప బాయిలరు, దాని కింద పొయ్యి, పక్కన పెద్ద చక్రం. చక్రం నుంచి తోలుపట్టా వెళ్ళి రెండు గానుగలను తిప్పాలి. అంతకుముందు ఆ గానుగలు ఎద్దులతో తిరిగేవి. బాయిలరు నెత్తిన ఒక చిన్న మూత, మూత మీద అడ్డంగా ఒక మీట, మీట కొసన ఇనప గుండు ఉండేవి. లోపల ఆవిరి మితిమీరితే ఆ మూత దానంతట అదే లేచి బుస్సుమని వదిలేస్తుంది. మేస్త్రి దాన్ని వాల్వు అనేవాడు, మేము ఊపిరి మూత అనేవాళ్ళం.

"ఆ గుండు జోలికి ఎవరూ పోవద్దండి. అది అక్కడుంది కాబట్టే మనం ఇక్కడున్నాం," అని మొదటిరోజే అందరికీ చెప్పాడు మేస్త్రి.

గానుగలు ఆడించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన తండ్రి కూడా మా మామగారి తండ్రి దగ్గర ఆ గానుగలే ఆడించాడు. ఎద్దులు ఆయన సొంతం. ఇంజను వచ్చాక ఎద్దులకు పని లేకుండా పోయింది. పెద్దాయన్ని మాత్రం గానుగ రోట్లో ఎండు కొబ్బరి వెయ్యడానికీ, నూనె దిగాక పిండి తీయడానికీ ఉంచారు. ఆయన ఇంజను వైపు వీపు పెట్టి పనిచేసేవాడు. అది కూత వేసినప్పుడల్లా పాక వెనక కట్టేసిన ఎద్దులు తాళ్ళు లాగేవి. ఆయన లేచి వెళ్ళి వాటి మెడలు నిమిరి వచ్చేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఏమీ అనకపోవడం వల్లే ఆయన మీద నాకు అనుమానం ఉండేది.

నాకు అప్పగించిన పని కర్రలు చూసుకోవడం. కోరంగి వైపు మడ అడవుల నుంచి కర్ర పడవల మీద వచ్చేది. మా తోటలో కొట్టేసిన మామిడి, తుమ్మ కర్రలు కూడా ఉండేవి. నేను దగ్గరుండి పేర్పించి, రోజూ మేస్త్రికి కావలసినన్ని ఇప్పించాలి. ఇంజను అమ్మిన వర్తకుడు, రోజుకు ఎడ్లబండి నిండా కర్ర ఉంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుస్తుందని మామగారికి చెప్పాడట. మాకు మధ్యాహ్నానికే బండెడు కర్ర అయిపోయేది.

కొన్ని రోజులు మామగారు ఊరుకున్నారు. తర్వాత ఒక ఉదయం కర్రల పేర్పు చుట్టూ తిరిగి వచ్చి, నన్ను పక్కకు పిలిచారు.

"అల్లుడుగారూ, ఈ కర్రలన్నీ పొయ్యిలోకే వెళ్తన్నాయంటారా?"

"ఆయ్, నేను దగ్గరుండే ఇప్పిస్తున్నానండి."

"మీరు దగ్గరున్నప్పుడు సరే. లేనప్పుడో?"

ఆయన గొంతులో కోపం లేదు. చాలా మెత్తగా అడిగారు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది నాకు. భోజనాల దగ్గర అత్తగారు నాకు కూర వడ్డిస్తూ, పల్లెలో మావాళ్ళు కొత్త ఇల్లు కడుతున్నారట కదా అని అడిగారు. నిజానికి మా అన్నయ్య వంటపాక మాత్రమే కప్పుకుంటున్నాడు. కర్రలు అటు చేరుతున్నాయని ఆమె అనుమానమని నాకు అర్థమైంది. నా భార్య తల దించుకుంది.

మర్నాడు నేను సున్నం కలిపి తెచ్చి ప్రతి కర్ర కొసనా బొట్టు పెట్టాను. బొట్టున్న కర్ర ఊళ్ళో ఎక్కడ కనపడ్డా దొరికిపోతుందని నా ఆలోచన. ఏదో పని ఉన్నట్టు ఊరంతా తిరిగాను. పెద్దాయన ఇంటి పెరట్లోకి కూడా తొంగి చూశాను. అక్కడ కొబ్బరి మట్టలు, పిడకలు తప్ప ఏమీ లేవు. చివరికి బొట్టున్న కర్ర ఒకటి మేస్త్రి గుడిసె ముందు దొరికింది. దాని మీదే అతను అన్నం వండుకుంటున్నాడు.

"ఇది మా కర్ర కదా?" అన్నాను.

"మీదేనండి. ఒక్కటే తెచ్చుకున్నాను. రోజూ ఒకటి తెచ్చుకుంటాను. అడగమంటే అడుగుతాను," అన్నాడు అన్నం కలుపుతూ. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. రోజుకు ఒక్క కర్రతో బండ్లకు బండ్లు మాయం కావు కదా.

తర్వాత కొన్ని రోజులు నేను పొద్దుటి నుంచి ఇంజను ఆపేదాకా పేర్పు దగ్గర నుంచి కదలకుండా కూర్చున్నాను. ఒక్క కర్ర బయటికి పోలేదు. అన్నీ పొయ్యిలోకే వెళ్ళాయి. సాయంత్రానికి అంతే కర్ర ఖర్చయింది. ఆ సంగతి సంతోషంగా మామగారికి చెప్పాను, నా మీద మచ్చ పోయిందని. ఆయన విని తల ఊపి, "అయితే కావాలనే ఎక్కువ మండిస్తన్నాడన్నమాట," అన్నారు. ఆయన అనుమానం నన్ను వదిలి మేస్త్రి మీద వాలింది. కర్ర పడవవాడికీ మేస్త్రికీ లోపాయికారీగా ఏదో ఒప్పందం ఉందని ఆయన తేల్చుకున్నారు.

నాకూ అలాగే అనిపించింది. ఎందుకంటే ఆ వారంలోనే వాళ్ళిద్దరూ రేవు దగ్గర తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవడం చూశాను. నన్ను చూడగానే మేస్త్రి మాట ఆపేశాడు. పడవవాడు గెడ తీసుకుని, అవసరం లేకపోయినా, నీళ్ళలో పొడవడం మొదలెట్టాడు.

మామగారు మేస్త్రిని పిలిపించి నిలదీశారు. అతను నెమ్మదిగానే జవాబు చెప్పాడు. మడకర్ర కొట్టిన వెంటనే పడవెక్కి వస్తోంది, అందులో సగం నీళ్ళే, ఆ నీళ్ళను ఆరబెట్టడానికే సగం మంట సరిపోతోంది అన్నాడు. బాయిలర్లోకి తోడే నీళ్ళు పోటు సమయానికి ఉప్పగా ఉంటున్నాయి, ఉప్పు లోపల పెచ్చు కట్టి వేడి నీళ్ళకు తగలనివ్వటం లేదన్నాడు. పైగా గాలివాటున బాయిలరు ఒంటి మీద గుడ్డ లేనట్టు నిలబడింది అన్నాడు.

"మరి ముందే చెప్పలేదేం?"

"అడగలేదు కదండీ. నడపమన్నారు, నడుపుతున్నాను."

ఆ జవాబు మామగారికి నచ్చలేదు గాని ఖర్చు తగ్గుతుందన్న మాట నచ్చింది. మేస్త్రి చెప్పినట్టు బాయిలరు చుట్టూ ఇటుక గోడ కట్టించి, ఊక కలిపిన మట్టితో మెత్తించారు. ఇంజనులోంచి పని అయిపోయి బయటికి పోయే ఆవిరిని ఒక పీపాలోకి పంపి, ఆ పీపాలో రాగి గొట్టం చుట్టలు చుట్టి పెట్టాడు మేస్త్రి. బాయిలర్లోకి వెళ్ళే చన్నీళ్ళు ఆ గొట్టంలోంచి వెళ్తూ ముందే వేడెక్కుతాయి. అంటే పారబోసే వేడితోనే సగం పని అవుతుంది. వినడానికి ఎంతో తెలివిగా ఉంది. మొదటి రోజు సాయంత్రం పేర్పులో కర్రలు మిగిలాయి. మామగారు ఆ మిగిలిన కర్రల ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన నవ్వడం నేను ఆ రోజు చూశాను.

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. ఉప్పు నీళ్ళు కదా, రాగి గొట్టం లోపల కూడా పెచ్చు కట్టేది. నీళ్ళు వెళ్ళవు. ఇంజను ఆపాలి. మేస్త్రి గొట్టం విప్పి అందులో చింతపండు పులుసు పోసి నానబెట్టి, తట్టి, కడిగి మళ్ళీ బిగించేవాడు. ఈలోగా రోట్లో వేసిన కొబ్బరి చల్లబడిపోయేది. చల్లబడిన కొబ్బరి నుంచి నూనె సరిగ్గా దిగదు. మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి. ఆదా అయిన కర్రలు అలా రాజెయ్యడానికే పోయేవి. బిగించిన చోటల్లా చెమ్మ కారేది. వంటింట్లో చింతపండు జాడీ ఖాళీ అవుతోందని అత్తగారు పనిమనిషిని సాధించింది. తీసుకెళ్ళింది నేనేనని చెబితే, ఆమె నన్ను నమ్మలేనట్టు చూసింది. ఇంజనుకు చింతపండు పులుసు ఏమిటని ఎవరు మాత్రం నమ్ముతారు?

మామగారు మాత్రం కొత్త అర్థం తీశారు. "కర్ర ఖర్చు తగ్గింది. పడవవాడి దగ్గర రాబడి తగ్గింది. అందుకే గొట్టం పాడుచేస్తన్నాడు," అన్నారు నాతో. నేను కాదనలేకపోయాను. కాదనడానికి నా దగ్గర ఏముంది?

ఆ రోజుల్లోనే ఒకసారి మామగారు మేస్త్రిని, "ఇదే కర్రతో ఇంకా ఎక్కువ పని రాబట్టాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. "ఆవిరిని ఇంకా గట్టిగా బిగబట్టాలండి. బలమైన ఆవిరి తక్కువ కర్రతో ఎక్కువ లాగుద్ది. కానీ ఈ బాయిలరు పాతది, రేకు పలచబడింది. దీనికి అంత ఓపిక లేదు," అన్నాడు మేస్త్రి. మామగారు ఆయ్ అని ఊరుకున్నారు. ఆ మాట నేను ఆ పూటకే మర్చిపోయాను.

ఇంజనులో నాకు కూడా బాధనిపించే సంగతి ఒకటుంది. రోట్లోంచి పిండి తీసి కొత్త కొబ్బరి వేసేటప్పుడు గానుగ ఆపాలి. గానుగ ఆగినా కింద మంట ఆగదు. దాంతో ఆవిరి పెరిగి ఊపిరి మూత లేచి బుసకొడుతూ తెల్లగా పైకి పోయేది. అంత కష్టపడి కాల్చిన కర్ర కళ్ళ ముందే కొబ్బరాకుల్లోకి పోయి మాయమయ్యేది. అలా జరిగినప్పుడల్లా మామగారు ఎక్కడున్నా తల ఎత్తి అటు చూసేవారు.

ఒక ఉదయం మేస్త్రి పొయ్యి రాజేసి చాలాసేపయింది. గానుగ ఆపారు. ఊపిరి మూత బుసకొట్టలేదు. నేను గమనించలేదు గాని మేస్త్రి గమనించాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళి ఇటుక గోడ ఎక్కి చూశాడు. మీట కొసన ఇనప గుండు పక్కనే ఒక రాయి, కొబ్బరి తాడుతో కట్టి ఉంది. అతను రాయి విప్పి పడేశాడు. మూత ఎగిరి లేచింది. ఆ కూతకి తోటలో కాకులన్నీ లేచిపోయాయి. పొయ్యిలో కర్రలు బయటికి లాగి, అతను మట్టి మీద కూర్చున్నాడు.

"ఎవరో మనందర్నీ చంపాలనుకున్నారండి," అన్నాడు.

మామగారు వచ్చారు. రాయి చూశారు, తాడు చూశారు. అటు తిరిగి పెద్దాయన వైపు చూశారు.

"ఈ ముడి ఎద్దుల్ని కట్టే ముడి కాదూ?"

పెద్దాయన చేతిలో పిండి తట్ట కింద పెట్టాడు. "అది ఎవరైనా ఏసే ముడేనండి బాబుగారండి."

"ఇంజను వచ్చాక ఎద్దులకి పని పోయింది. ఎవరికి కడుపు మంట ఉంటది? ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు."

"కడుపు మంట ఉందండి. లేదనను. కానీ నాకు దాని దగ్గరికెళ్ళడమే బయమండి. ఇన్నాళ్ళూ దానికేసి మొహమైనా తిప్పలేదు, మీరు చూడలేదా?"

చుట్టూ పనివాళ్ళు గుమిగూడారు. ఎవరూ ఆయన పక్షాన మాట్లాడలేదు. పక్షాన మాట్లాడితే రాయి కట్టిన చేతుల్లో తమ చెయ్యి కూడా ఉందంటారని భయం. నేను ఆయన మొహం చూశాను. నాకు ఏదీ తేలలేదు. ఆయన పైపంచె దులుపుకుని పాక వెనక్కి వెళ్ళి ఎద్దుల్ని విప్పాడు. ఆ మధ్యాహ్నమే భార్యతో, ఎద్దులతో ముమ్మిడివరం వైపు తన మేనమామ కొడుకుల ఊరికి వెళ్ళిపోయాడని తెలిసింది. ఊరు హమ్మయ్య అనుకుంది. నేనూ అనుకున్నాను.

కొన్నాళ్ళకే మీట మీద మళ్ళీ రాయి కనపడింది.

ఈసారి మేస్త్రి ఎవరికీ చెప్పకుండా దాన్ని విప్పేసి నన్ను పిలిచి చూపించాడు. "పెద్దాయన లేడు కదండీ," అన్నాడు. నా మొహంలోకే చూస్తూ అన్నాడు. అతను నన్ను అనుమానిస్తున్నాడని అప్పుడు తెలిసింది. నేను అతన్ని అనుమానిస్తున్నాను. ఇద్దరం ఆ రాయి మధ్యలో పెట్టుకుని నిలబడ్డాం.

సంగతి దాగలేదు. ఆ సాయంత్రం నా భార్య తులసి కోట దగ్గర దీపం పెట్టి వచ్చి, నా పక్కన నిలబడింది.

"ఇంట్లో ఏదేదో అనుకుంటన్నారండి."

"ఏమని?"

"మిమ్మల్ని కర్రలకి కాపలా పెట్టేరని మీకు నామోషీగా ఉందట. ఇంజను పేలిపోతే ఆ పని తప్పుద్దని..." అని ఆగింది. "మీరు కాదు కదండీ?"

దానికి జవాబు చెప్పవలసిన అవసరం వచ్చిందే అని మనసు చివుక్కుమంది. ఆమె కూడా అడిగినందుకు నొచ్చుకున్నట్టుంది, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక నేనే తేల్చుకోవాలనుకున్నాను. మేస్త్రి మధ్యాహ్నం గుడిసెకు వెళ్ళి అన్నం తినొచ్చేదాకా ఇంజను దగ్గర ఎవరూ ఉండరు. పొయ్యి సన్నగా మండుతుంటుంది. పనివాళ్ళు కూడా చెట్ల కింద నడుం వాలుస్తారు. ఎవరైనా ఏదైనా చెయ్యాలంటే అదే సమయం. ఇంజను పాకకు అవతల కొబ్బరి డొక్కల పోగు ఉంది. నేను రోజూ భోజనం త్వరగా ముగించి దాని వెనక కూర్చోవడం మొదలెట్టాను. మేస్త్రి వస్తాడనే ఎదురుచూశాను. పొయ్యి వేడి, ఎండ, చీమలు. ఎవరూ రాలేదు. మానేద్దామనుకుంటున్న రోజున అడుగుల చప్పుడైంది.

మామగారు వచ్చారు.

ఆయన కాపలా చూడ్డానికి వచ్చారనుకున్నాను. లేచి పలకరించబోయాను. ఆయన అటూ ఇటూ చూశారు. ఉత్తరీయం కింద నుంచి రాయి తీశారు. ఇటుక గోడ మీద కాలు పెట్టి, పెద్దవారు కదా, ఆయాసపడుతూ ఎక్కి, మీట కొసన రాయి పెట్టి తాడు చుట్టడం మొదలెట్టారు. బట్టల మూట కట్టుకున్నంత శ్రద్ధగా ముడి వేశారు.

నేను డొక్కల వెనక నుంచి బయటికి వచ్చాను. ఆయన నన్ను చూశారు. ఉలిక్కిపడలేదు. మెల్లగా కిందికి దిగారు.

"మీరా మావయ్యగారూ," అన్నాను.

"ఆయ్, నేనే."

"పెద్దాయన్ని అంత మాట అన్నారు కదండీ."

"ఆయన కట్టేడని నేను అనలేదు. ముడి ఎద్దుల ముడి అన్నాను. ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు." చేతులు దులుపుకుని, "మీరు రోజూ ఇక్కడ కూచుంటారు కదా. ఆ ఆవిరి బుసబుసా పైకి పోతంటే మీకేం అనిపించట్లేదా? అది ఉత్త ఆవిరి కాదు అల్లుడుగారూ. అది నా కర్ర. నా తోట. నా కళ్ళ ముందు పోతంది. బిగబడితే తక్కువ కర్రతో ఎక్కువ లాగుద్దని ఆ మేస్త్రే చెప్పేడు."

"బాయిలరు ఆగదని కూడా చెప్పాడు కదండీ."

"వాడి మాటల్లో ఏది నిజమో ఎవరికి తెలుసు? కర్ర ఎక్కువ కాలితే వాడికి లాభం. వాడు ఆగదనే అంటాడు."

ఆయన నిజంగానే అలా నమ్మారు. చేసింది తప్పన్న భావం ఆయన మొహంలో ఎక్కడా లేదు. అందరూ కలిసి తనను దోచుకుంటుంటే తన సొమ్ము తను కాపాడుకుంటున్నానన్న మనిషిలా ఉన్నారు. నాకు కోపం రాలేదు. ఎందుకో ఆ క్షణాన ఆయన మీద జాలి వేసింది. ముందు ఆ రాయి తీసేద్దామని గోడ వైపు అడుగు వేశాను.

అప్పుడు పీపా దగ్గర ఠప్పుమని ఒక చప్పుడైంది. రాగి గొట్టం బాయిలర్లో కలిసే చోట బిగింపు ఊడింది. మరిగే నీళ్ళు, ఆవిరి కలిసి పక్కకు చిమ్మాయి. మామగారు అటువైపే నిలబడి ఉన్నారు. ఆయన అరవలేదు. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని అక్కడే కూలబడ్డారు. తెల్లటి ఆవిరిలో ఆయన నాకు కనపడలేదు. నేను నేల మీద పాకుతూ వెళ్ళి కాళ్ళు దొరకబుచ్చుకుని ఇవతలికి లాగాను. అన్నం చేత్తోనే మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. ఏమిటి, ఎవరు అని అడగలేదు. పొడుగాటి కొక్కెంతో పొయ్యిలో నిప్పంతా బయటికి లాగేశాడు. తర్వాత అవతలి వైపు నుంచి గోడెక్కి, గుడ్డ చుట్టిన చేత్తో తాడు తెంపాడు. రాయి దొర్లి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది.

బాయిలరు నిలబడింది. బిగింపు ముందు ఊడటం మన అదృష్టమని తర్వాత అన్నాడు మేస్త్రి. అది గట్టిగా ఉండి ఉంటే రేకే చీలేదట.

మామగారి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. అత్తగారు సున్నపు తేటలో కొబ్బరినూనె గిలక్కొట్టి పూసి, లేత అరిటాకు చుట్టింది. ఆ రాయి సంగతి నేను నా భార్యకు మాత్రం చెప్పాను. "నేను మిమ్మల్ని అలా అడక్కుండా ఉండాల్సింది," అంది. నేను ఫరవాలేదన్నాను గాని ఆ ప్రశ్న మా మధ్య నుంచి పూర్తిగా పోవడానికి చాలా కాలం పట్టింది. మేస్త్రి సరిగ్గా బిగించలేదని మామగారు ఊళ్ళోవాళ్ళకు చెప్పారు. మేస్త్రి ఆ మాట విని నవ్వి ఊరుకున్నాడు.

అతను పెట్టే బేడా సర్దుకున్నాడని తెలిసి నేను గుడిసెకు వెళ్ళాను. పడవవాడితో ఏం మాట్లాడేవాడివని అడిగాను. "కోరంగి తీసుకుపొమ్మని బతిమాలేవాణ్ణండి. ఇక్కడ ఎవరి చూపూ నాకు మంచిగా కనపళ్ళేదు. మీ చూపు కూడా," అన్నాడు. ఉండమని అడిగాను. ఉంటే తను చెప్పినట్టు చెయ్యాలన్నాడు. సరేనన్నాను.

మంచం మీద పడుకుని ఉన్న మామగారితో ఈసారి నేను మాట్లాడాను. రాగి చుట్టలు పీకేద్దాం అన్నాను. ఆవిరి తక్కువలోనే ఉంచి, ఒక్క గానుగే తిప్పుదాం. రెండోదానికి ఎద్దుల్ని కొందాం. కర్ర ఒక వేసవి ముందే తెప్పించి ఆరబెడదాం. నీళ్ళు ఏటి నుంచి కాక బావి నుంచి తోడిద్దాం అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"అంటే చేతగాని ఇంజనులా నడుపుతారన్నమాట."

"రోజూ నడుస్తుందండి."

ఆయన వద్దని మాత్రం అనలేదు.

అలా చేశాం. గానుగ ఆపినప్పుడు వృథాగా పోయే ఆవిరికి మేస్త్రి ఒక దారి చూపించాడు. కొబ్బరి ఆరబోసే అరుగు కింద మట్టి గొట్టం వేయించి, గానుగ ఆగినప్పుడల్లా ఆవిరిని అటు తిప్పేవాడు. మొదట అరుగంతా చెమ్మెక్కింది. తర్వాత గొట్టం వాలు సరిచేసి, ఊరిన నీళ్ళు బయటికి పోయేలా చేశాక పని కుదిరింది. ముసురు రోజుల్లో ఊళ్ళో అందరి కొబ్బరీ బూజు పడుతుంటే మాది పొడిగా ఉండేది. కర్ర ఖర్చు ఆ వర్తకుడు చెప్పినంత తక్కువకు ఎప్పుడూ రాలేదు. మేము ఆరా తీయడం మానేశాం. ఇంజను మాత్రం ఆగలేదు.

వానలు వెలిశాక నేను పడవెక్కి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన అక్కడ ఎవరిదో గానుగ ఆడిస్తున్నాడు. నన్ను కూర్చోబెట్టి కొబ్బరి బొండం కొట్టి ఇచ్చాడు. జరిగింది చెప్పి, తిరిగి రమ్మని అడిగాను.

"మీ మావయ్యగారు పంపేరా అండి?"

"నేనే వచ్చాను."

ఆయన ఎద్దు మూపురం మీద చెయ్యి వేశాడు. "అక్కడ మా నాన్న కూడా ఆడించేడండి. నేను కట్టలేదని తెలియడానికి ఆ రాయి రెండోసారి కట్టాల్సొచ్చింది. ఇంకోసారి ఏదైనా జరిగితే మళ్ళీ నాకేసే చూస్తారు. మీరు మంచోరండి, మీరూ చూస్తారు. నేను రాలేనండి."

నేను ఆయన్ని ఒప్పించలేకపోయాను. అడిగే ముందే ఆ జవాబు ఊహించాననుకుంటాను.

మామగారి చెయ్యి మానింది గాని వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. ఇంజను పాక వైపు ఆయన రావడం తగ్గించారు. ఆయన పోయాక కూడా కొన్నేళ్ళు నడిపాం. రేకు ఇంక పనికిరాదని మేస్త్రి ఒకనాడు చెప్పి, కొత్త బాయిలరు వేయించగలిగేవాళ్ళకు అమ్మేయమన్నాడు. బెల్లం వండే ఆసామి ఒకాయన అటు గోదావరి ఒడ్డు నుంచి చూడ్డానికి వచ్చాడు. చెరుకు గానుగకు కావాలట. బాయిలరు చుట్టూ తిరిగాడు. వేలితో తట్టి చూశాడు. చక్రం తిప్పి చూశాడు. నేను దాచకుండా అన్నీ చెప్పాను: రేకు పలచబడింది, బాయిలరు మార్చుకోవాలి, మిగతా ఇంజను మాత్రం మంచిది, తక్కువ ఆవిరి మీద నెమ్మదిగా నడిపితే అలుపెరగదు.

ఆయన అంతా విని, మెత్తగా నవ్వి, "బాగానే నడిచేదాన్ని ఎందుకమ్ముతున్నారండి మరి?" అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయన తల ఊపాడు. తర్వాత, నేను లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేసరికి, రేవు దగ్గర పడవవాడి పక్కన కూర్చుని తల దగ్గర పెట్టి ఏదో అడుగుతున్నాడు. నన్ను చూడగానే మాట ఆపేశాడు. ఇంజను కొన్నాడు. పడవలోకి ఎక్కిస్తున్నంతసేపూ ప్రతి ముక్కనూ తనే దగ్గరుండి చూసుకున్నాడు, మేమేదో మార్చేస్తామన్నట్టు. పడవ మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.